గాయం మాననిచ్చామా?

సంక్రాంతి వెళ్లిన మూడు నాలుగు వారాలకు మా ఓపీకి ఒక రకం రోగులు వస్తారు. అందరూ పద్దెనిమిది నుంచి పాతికేళ్లలోపు వాళ్లే. ఒక కాలి మీద బరువు వేసి, రెండో కాలు ఈడ్చుకుంటూ వస్తారు. మోకాలికి ఆకుపసరు రాసి కట్టిన గుడ్డ ఉంటుంది. 'ఏమైంది?' అని అడిగితే ముందు 'పడిపోయాను బాబూ' అంటారు. కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటికొస్తుంది. కబడ్డీ.

అరకు లోయలోనూ, చుట్టుపక్కల కొండల మీదా పండగ రోజుల్లో ఊరికీ ఊరికీ పోటీ ఉంటుంది. తమ ఊళ్లో మంచి కూతగాడు లేకపోతే పక్క పంచాయతీ నుంచి మాట్లాడుకొని తెచ్చుకుంటారు. రెండేళ్ల క్రితం అలా ఒక జట్టు తెచ్చుకున్న కుర్రాడి వయసు 22. చేతిలో రెండు వేలు పెట్టారు. గెలిస్తే మరో వెయ్యి అన్నారు. అంతకు ముందు ఏడాది అతని మోకాలికి దెబ్బ తగిలిందని వాళ్లకు తెలుసు. 'ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు కదా' అనుకున్నారు. అతనూ అదే అనుకున్నాడు.

మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకొని బరిలో దిగాడు. అవతలి ఊరి జనం ఆ కట్టు చూశారు. 'కుంటోణ్ని కొనుక్కొచ్చారు' అని గోల చేశారు. అక్కడితో ఆగలేదు. 'కట్టున్న కాలే పట్టండి' అని కేకలు మొదలయ్యాయి. రెండోసారి కూతకు వెళ్లే ముందు అతను ఆ కట్టు విప్పి పక్కన పడేశాడు. ఎందుకు విప్పావని తర్వాత నేను అడిగితే, 'కట్టుంటే ఆ కాలే పడతారు బాబూ. లేకపోతే ఏ కాలో వాళ్లకి తెలీదు కదా' అన్నాడు.

కొద్దిసేపటికే, వెనక్కి తిరిగి గీత వైపు వస్తుండగా, ఎవరూ ముట్టుకోకుండానే మోకాలు మెలిపడింది. లోపల 'టప్'మన్న చప్పుడు తనకే వినిపించిందట. కింద పడ్డాడు. అవతలి వాళ్లు నవ్వారు. ఇవతలి వాళ్లు 'డబ్బులు తీసుకొని ఇలా చేశావేంటి' అన్నారు. మా దగ్గరికి రావడానికి అతనికి మరో మూడు వారాలు పట్టింది.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. క్రేప్ బ్యాండేజీ ఉన్నా ఆ మోకాలు నిలిచేది కాదు. అది వాపును కాస్త పట్టి ఉంచుతుందే తప్ప, లోపల తెగిన లిగమెంటు పని చేయదు. కానీ ఆ కట్టు విప్పడంలో ఒక అర్థం ఉంది. తన గాయం నలుగురికీ కనిపించకూడదని అతను అనుకున్నాడు. దాచిన గాయానికి వైద్యం చేయడం ఏ డాక్టరుకూ సాధ్యం కాదు. ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే.

కోట్ల ఆటలోనూ ఇదే కథ

పండగ పోటీల్లో రెండు వేలకు జరిగేదే ప్రొ కబడ్డీ లీగ్‌లో కోట్లకు జరుగుతుంది. తెలుగు టైటాన్స్‌ను అభిమానించే వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

2019 వేలంలో టైటాన్స్ సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్ల రూపాయలకు తీసుకుంది. ఆ వేలంలో అదే పెద్ద ధర. ఆ సీజన్లో అతను 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. ఎనిమిదో సీజన్లో గాయపడి చాలా మ్యాచ్‌లకు దూరమయ్యాడు. తర్వాతి వేలంలో, అంటే 2022లో, అదే జట్టుకు అదే ఆటగాడు 20 లక్షలకు దొరికాడు. ఆ తర్వాతి ఏడాది హర్యానా స్టీలర్స్ అతన్ని కోటి రూపాయలకు కొనుక్కుంది. ఆ సీజన్లో ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. 1.45 కోట్లు, 20 లక్షలు, మళ్లీ కోటి. మనిషి ఒకడే. గాయం అయినప్పుడు ధర పడింది, మానాక ధర లేచింది.

పవన్ సెహ్రావత్ సంగతి చూడండి. 2022లో తమిళ్ తలైవాస్ అతన్ని 2.26 కోట్లకు తీసుకుంది. ఆ అక్టోబరులో, కొత్త జట్టు తరఫున ఆడిన మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి గాయమై స్ట్రెచర్ మీద బయటికి వెళ్లాడు. ఆ సీజన్ మొత్తం పోయింది. ఎనిమిది నెలలకు పైగా గడిచాక, 2023 జూన్‌లో బుసాన్‌లో ఆసియా చాంపియన్‌షిప్ గెలిచిన భారత జట్టుకు కెప్టెన్‌గా కనిపించాడు. అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకూ అతనే కెప్టెన్. అదే నెలలో తెలుగు టైటాన్స్ అతన్ని 2.6 కోట్లకు పైగా పెట్టి తీసుకుంది. లీగ్ చరిత్రలో అప్పటికి అదే అతి పెద్ద ధర.

ఏడాది క్రితం స్ట్రెచర్ మీద వెళ్లిన వాడికి అంత డబ్బా అని అడిగిన వాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. డబ్బు పెట్టే వాడు అడగాల్సిందే. జవాబు ఆటలో వచ్చింది. ఆ సీజన్లో పవన్ 200కు పైగా రైడ్ పాయింట్లు సాధించాడు. అయినా టైటాన్స్ 22 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. జట్టు ఓడిపోవడానికీ, ఆ మోకాలికీ సంబంధం లేదు. మరుసటి సీజన్లో మధ్యలో మళ్లీ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. అప్పుడు విజయ్ మాలిక్ జట్టును నడిపించాడు. ఆ సీజన్లో జట్టు 12 మ్యాచ్‌లు గెలిచింది. 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో కొత్త సీజన్ మొదలైనప్పుడు పవన్ తలైవాస్ జెర్సీలో, మనకు ఎదురుగా నిలబడ్డాడు. ఆ ఏడాది వేలంలో అతని ధర 60 లక్షల లోపే.

నిన్న 'మనవాడు' అన్న నోటితోనే మర్నాడు 'వాడి మోకాలు ఎప్పుడు పోతుందో' అనడం మనకు అలవాటే. జెర్సీ మారితే మాట మారుతుంది. కానీ మోకాలు మాత్రం అదే మోకాలు.

'గాయాల మనిషి' అనే జబ్బు లేదు

'వాడికి ఎప్పుడూ ఏదో ఒక దెబ్బే' అనే మాట మీరు విని ఉంటారు, అని ఉంటారు. వైద్యంలో అలాంటి రోగ నిర్ధారణ లేదు. కొందరికి కీళ్లు సహజంగా వదులుగా ఉంటాయి, కొందరిలో కొన్ని పోషకాల లోపం ఉంటుంది, అది నిజమే. కానీ మళ్లీ గాయపడే అవకాశాన్ని చెప్పే అన్నిటికన్నా గట్టి సూచిక ఒకటుంది. అంతకు ముందు అయిన గాయం. అంటే, పది గాయాలుగా మనకు కనిపించేవి చాలాసార్లు పూర్తిగా మానని ఒకే గాయం తాలూకు పది రూపాలు.

మోకాలినే తీసుకుందాం. తొడ ఎముకనూ, కింది కాలి ఎముకనూ లోపల నుంచి పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంటును ఏసీఎల్ అంటారు. పరుగెడుతూ చటుక్కున ఆగినా, పాదం నేలకు ఆని ఉండగా ఒళ్లు పక్కకు తిరిగినా, ఎగిరి ఒంటికాలి మీద దిగినా దాని మీద భారం పడుతుంది. కబడ్డీలో కూతగాడు క్షణక్షణం చేసేది ఇదే. అందుకే ఎవరూ తాకకుండానే అది తెగిపోవచ్చు. చాలామందికి 'టప్'మన్న చప్పుడు తెలుస్తుంది. కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బుతుంది. రెండు మూడు వారాలకు వాపు, నొప్పి తగ్గిపోతాయి. ఇక్కడే మోసపోతాం. తిన్నగా నడిచేటప్పుడు ఏమీ అనిపించదు. కొండ దిగేటప్పుడో, పక్కకు తిరిగినప్పుడో మాత్రం మోకాలు 'జారిపోయినట్టు' ఉంటుంది. అలా జారిన ప్రతిసారీ లోపలి మృదులాస్థి, ఎముకల మధ్య దిండులా ఉండే మెనిస్కస్ కొంచెం కొంచెం దెబ్బతింటాయి. ముప్పై ఏళ్లకే అరవై ఏళ్ల మోకాలు తయారవుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆ కుర్రాడు అంతకు ముందు ఏడాది, మొదటి దెబ్బ తగిలినప్పుడు, నా దగ్గరికే వచ్చాడు. ఆ రోజు సంత. ఓపీ కిటకిటలాడుతోంది. ఎక్స్-రే తీయించాను. ఎముక బాగుంది. 'ఏం లేదు, రెండు వారాలు రెస్ట్ తీసుకో' అని మాత్రలు రాసి పంపాను. ఎక్స్-రేలో ఎముక కనిపిస్తుంది గానీ లిగమెంటు కనిపించదు. అది నాకు తెలుసు. పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, కింది కాలిని ముందుకు లాగి చూసే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు నేను ఇవ్వలేదు. 'డాక్టర్ బాబు ఏం లేదన్నారు' అనే ధైర్యంతోనే అతను మళ్లీ బరిలోకి దిగాడు. అతనికి 'గాయాల మనిషి' అని పేరు రావడంలో నా వాటా కూడా ఉంది.

నేను ఎముకల వైద్యుణ్ని కాను, జనరల్ మెడిసిన్ చదివిన వాణ్ని. కొండ మీద ఓపీలో ఉన్నవాడికి అది సాకు కాదు. అందుకే మీకూ చెబుతున్నాను. దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బితే, ఎక్స్-రే బాగుందన్నా సరే, 'లిగమెంటు చూశారా?' అని అడగండి. అడగడం మీ హక్కు.

కాలమే సగం వైద్యం

ఏసీఎల్ తెగిన వాళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. మామూలు పనులు చేసుకునే వాళ్లలో చాలామంది మంచి వ్యాయామంతోనే నెట్టుకొస్తారు. కబడ్డీ, ఫుట్‌బాల్ లాంటివి మళ్లీ ఆడాలనుకునే వాళ్లకు, మోకాలు పదేపదే జారే వాళ్లకు ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. ఏ దారిలో వెళ్లినా ఒకటి తప్పదు. తొడ ముందు కండరం, వెనక కండరం, తుంటి కండరాలు నెలల తరబడి బలపడాలి.

ఆపరేషన్ తర్వాత కనీసం తొమ్మిది నెలలు ఆగకుండా ఆటలోకి వెళ్తే మళ్లీ తెగే ప్రమాదం బాగా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. పాతికేళ్ల లోపు వాళ్లు తిరిగి ఆటకు వెళ్తే, దాదాపు నలుగురిలో ఒకరికి అదే మోకాలికో, రెండో మోకాలికో మళ్లీ ఏసీఎల్ గాయం అవుతోంది. ఇది చిన్న సంఖ్య కాదు. అయితే ఈ ప్రమాదంలో చాలా భాగం మన చేతుల్లోనే ఉంది. గాయపడ్డ కాలి బలం మంచి కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరిందా, ఒంటికాలి మీద గెంతితే రెండు కాళ్లూ దాదాపు ఒకే దూరం వెళ్తున్నాయా, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలిపోతోందా అని చూసి పంపితే ఈ ప్రమాదం తగ్గుతుంది. క్యాలెండరు ఒక్కటీ చాలదు, కాలు కూడా ఒప్పుకోవాలి.

అమెరికాలో బేస్‌బాల్ అని మన క్రికెట్‌కు దూరపు చుట్టం లాంటి ఆట ఉంది. అక్కడ టామీ జాన్ అనే బౌలర్ లాంటి ఆటగాడు, వాళ్ల భాషలో పిచర్, ఉండేవాడు. 1974లో అతని మోచేతి లిగమెంటు తెగింది. ఆ రోజుల్లో అంటే ఆట ముగిసినట్టే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని ఒంట్లోనే మరోచోటి నుంచి స్నాయువు తీసి మోచేతికి అతికించాడు. 1975 సీజన్ మొత్తం టామీ జాన్ ఆడలేదు. 1976లో వచ్చాడు. వచ్చినవాడు 1989 దాకా ఆడాడు. అతను గెలిపించిన 288 మ్యాచ్‌లలో 164 ఆ ఆపరేషన్ తర్వాతివే. మధ్యలో న్యూయార్క్ యాంకీస్ అంతటి పెద్ద జట్టు అతన్ని తీసుకుంది. ఇప్పటికీ ఆ ఆపరేషన్‌ను అతని పేరుతోనే పిలుస్తారు. అందరూ ఆపరేషన్‌ను మెచ్చుకుంటారు. నేను ఆ ఖాళీ సీజన్‌ను మెచ్చుకుంటాను. ఒక పూర్తి ఏడాది అతన్ని ఎవరూ తొందరపెట్టలేదు.

మా కొండల్లో కుర్రాడికి ఆ ఏడాది ఎవరిస్తారు? అతనికి మోకాలంటే ఆట ఒక్కటే కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాఫీ పళ్ల కోతలు. ఏటవాలు నేల మీద నిలబడి కోయాలి. బస్తా వీపు మీద వేసుకొని దిగాలి. నీళ్లకు, కట్టెలకు, సంతకు, అన్నిటికీ కొండ ఎక్కి దిగాల్సిందే. స్టేడియంలో ఆడేవాడికి మోకాలు పోతే ఫిజియోథెరపిస్టు ఉంటాడు, ఒప్పందం ఉంటుంది. వీడికి మోకాలు పోతే ఇంట్లో పొయ్యి ఆరుతుంది. రెండు వేలకు అతను పణంగా పెట్టింది అదీ.

జనం మాట ఒంటికి ఎలా తగులుతుంది?

కబడ్డీలో కవ్వింపు ఉండాలి. తొడ చరచడం, మీసం తిప్పడం, అవతలి జట్టును ఆట పట్టించడం లేకపోతే అది కబడ్డీ కాదు. ఎదుటి జట్టు అభిమాని తన జట్టు గెలవాలని కోరుకోవడం, మన ఖరీదైన ఆటగాణ్ని చూసి 'డబ్బులు దండగ' అని నవ్వుకోవడం ఆటలో భాగమే. నేనూ నవ్వుతాను. ఆడలేకపోయిన వాణ్ని వెక్కిరించొచ్చు. గాయపడ్డ వాణ్ని గాయం పేరుతో వెక్కిరించినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. అందులో నేను చూసిన నష్టాలు మూడు.

మొదటిది, దాచడం. నొప్పి ఉందంటే 'నాటకం' అంటారు, కట్టు కడితే ఆ కాలే పడతారు. కాబట్టి ఆటగాడు చెప్పడు. కోచ్‌కు చెప్పడు, ఇంట్లో చెప్పడు, నాకూ చెప్పడు.

రెండోది, మాత్రలు. మ్యాచ్‌కు ముందు నొప్పి మాత్ర వేసుకోవడం, దొరికితే సూది వేయించుకోవడం. నొప్పి అనేది 'ఇక ఆగు' అని ఒళ్లు చెప్పే మాట. ఆ నోరు నొక్కి ఆడితే చిన్న చీలిక పెద్దదవుతుంది. పైగా ఎండలో, నీళ్లు సరిగ్గా తాగకుండా, ఖాళీ కడుపుతో ఈ మాత్రలు మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ కూడా రావచ్చు.

మూడోది, భయం. మళ్లీ దెబ్బ తగులుతుందేమో అనే భయంతో, జనం ఏమంటారో అనే ఆలోచనతో ఆడేవాడు ఒళ్లు బిగబట్టుకుంటాడు. కండరాలు సరైన క్షణంలో స్పందించవు. గాయం తర్వాత మనసు సిద్ధంగా ఉందా లేదా అన్నది కూడా తిరిగి ఆడేందుకు అనుమతి ఇచ్చే ముందు చూడాల్సిన విషయమేనని క్రీడా వైద్యులు అంటారు.

ఇందులో సొంత జట్టు వాళ్లు అమాయకులేం కాదు. అవతలి వాళ్లు ఒక్కరోజు వెక్కిరించి వెళ్లిపోతారు. 'ఇంత ఇచ్చి తెచ్చాం, ఆడాల్సిందే' అని రోజూ గుర్తు చేసేది ఇవతలి వాళ్లు. ఆ కుర్రాడు నాతో చివరికి చెప్పింది కూడా అదే. 'వాళ్ల నవ్వుకి బాధ లేదు బాబూ. మనవాళ్లు డబ్బు లెక్క అడిగారు, దానికి బాధేసింది.'

ఇంకో సంగతి, ఈ కొండల్లో మరీ ముఖ్యం

ఒక ఆశ్రమ పాఠశాల నుంచి పదిహేనేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. 'ఆటలంటే ఒళ్లు దాచుకుంటాడు, ఎప్పుడూ ఏదో నొప్పి అంటాడు' అన్నది ఫిర్యాదు. ఒకసారి మోకాలు, ఒకసారి నడుము, ఈసారి తుంటి. కాస్త పాలిపోయి ఉన్నాడు. కళ్లలో పచ్చదనం. రక్త పరీక్ష చేయిస్తే సికిల్ సెల్ జబ్బు. తుంటి ఎముక తలకు రక్తం సరిగా అందక అది దెబ్బతినడం మొదలైంది. ఆ పిల్లవాడు ఒళ్లు దాచుకోలేదు. మేమంతా కలిసి అతని జబ్బును ఇన్నాళ్లూ గమనించలేదు.

గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎక్కువ. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. మీ పిల్లలకు చేయించారా? రెండు జన్యువులూ ఉంటే జబ్బు. ఒకటే ఉంటే వాహకులు. వాహకులు ఆటలు ఆడొచ్చు. నీళ్లు బాగా తాగాలి, ఒక్కసారిగా శక్తికి మించి పరుగెత్తకూడదు, అంతే. జబ్బు ఉన్న పిల్లలు డాక్టరు సలహాతో, అలసట రాకుండా, చలికి, దాహానికి గురికాకుండా ఆడుకోవాలి. 'తరచూ నొప్పులు' అనే ప్రతి పిల్లనూ, పిల్లాణ్నీ సోమరి అనే ముందు ఒక్క రక్తపు చుక్క పరీక్ష చేయించండి.

ఆడపిల్లల గురించి ఒక మాట. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలకు ఏసీఎల్ తెగే అవకాశం రెండింతలో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. ఆశ్రమ పాఠశాలల్లో మంచి ఆటగత్తెలు తయారవుతున్నారు. వాళ్లకు కాళ్ల కండరాల వ్యాయామం ఇంకా ముఖ్యం.

ఆటగాణ్ని మాట్లాడుకునే ముందు

మీరు ఊరి జట్టు పెద్ద కావచ్చు, యువజన సంఘం వాళ్లు కావచ్చు, పీఈటీ కావచ్చు. గాయమైన ఆటగాణ్ని తీసుకోవద్దని నేను చెప్పను. పవన్‌నూ, సిద్ధార్థ్‌నూ గాయం తర్వాత తీసుకున్న జట్లు మూర్ఖపు పని చేయలేదు. గాయం మానాక మంచి ఆటగాడు మంచి ఆటగాడే. కాకపోతే ఈ ప్రశ్నలు అడగండి.

• చివరి దెబ్బ ఎప్పుడు తగిలింది? డాక్టరుకు చూపించాడా? లిగమెంటు పరీక్ష జరిగిందా?

• కొండ దిగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు మోకాలు జారుతోందా? ఒక్కసారి జారినా ఆ ఏడాదికి ఆట వద్దు.

• ఒంటికాలి మీద పదిసార్లు గుంజీలు తీయగలడా? రెండు కాళ్లతోనూ సమానంగా గెంతగలడా? ఇది మీరే బరి పక్కన చూడొచ్చు. ఇందులో తప్పితే డాక్టరు దగ్గరికి పంపండి. నెగ్గినంత మాత్రాన డాక్టరు మాట అక్కర్లేదని కాదు.

• ఆడుతుండగా నొప్పి వస్తే అతని బదులు దిగే మనిషి సిద్ధంగా ఉన్నాడా? లేకపోతే అతను నొప్పి సంగతి చెప్పడు.

• దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? ఇది ముందే మాట్లాడుకోండి. గెలిస్తే వెయ్యి అని చెప్పే నోటితోనే, పడితే ఆసుపత్రికి మేం తీసుకెళ్తాం అని కూడా చెప్పండి.

బరిలో రాళ్లు ఏరించండి, నేల గుల్ల చేసి కాస్త తడపండి. ఆటకు ముందు పదిహేను ఇరవై నిమిషాలు ఒళ్లు వేడెక్కించే వ్యాయామాలు చేయించండి. మెల్లగా పరుగు, గుంజీలు, ఒంటికాలి మీద నిలకడ, ఎగిరి మోకాళ్లు కాస్త వంచి మెత్తగా దిగడం. ఫుట్‌బాల్‌లో ఇలాంటి వ్యాయామాలను వారానికి రెండు మూడుసార్లు క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

దెబ్బ తగిలితే

• వెంటనే ఆట ఆపండి. 'లేచి నడువు, అదే పోతుంది' అనకండి.

• చల్లటి కాపడం పెట్టండి. ఐసు దొరక్కపోతే చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ చాలు. ఒకసారికి పదిహేను ఇరవై నిమిషాలు. గుడ్డ ఒత్తుగా చుట్టి, కాలు కాస్త ఎత్తులో పెట్టండి.

• మొదటి రెండు మూడు రోజులు మర్దన, నూనె, వేడి కాపడం వద్దు. లాగి సరిచేయడం అసలే వద్దు. మీ ఊరి కట్టు వైద్యుడి మీద నాకు గౌరవం ఉంది. ముందు మాకు చూపించి తర్వాత ఆయన దగ్గరికి వెళ్లండి.

• కాలి మీద బరువు వేయలేకపోయినా, మోకాలు ముడుచుకొని ఇరుక్కుపోయినా, గంటల్లో ఉబ్బినా అదే రోజు ఆసుపత్రికి రండి. పాదం చల్లబడినా, మొద్దుబారినా, కాలు వంకరగా కనిపించినా ఒక్క నిమిషం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. అది రక్తనాళానికి దెబ్బ కావచ్చు.

• ఎంఆర్‌ఐ, ఆపరేషన్ అవసరమైతే విశాఖపట్నం దాకా వెళ్లాల్సి రావచ్చు. ఘాట్ రోడ్డు ప్రయాణం, రోజు కూలి పోవడం, తోడు వచ్చే మనిషి, ఇవన్నీ కష్టమే. అయినా ఆలస్యం చేయకండి. ఆధార్, రేషన్, ఆరోగ్య కార్డులు వెంట తీసుకెళ్లి, ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో ఏది ఉచితంగా అందుతుందో అడగండి.

ఈ సంక్రాంతికి ఏమైందంటే

ఆ కుర్రాణ్ని విశాఖ పంపించాం. పరీక్షల్లో ఏసీఎల్ తెగిందని తేలింది. మెనిస్కస్ కూడా కొంత చీలింది. ఆపరేషన్ అయింది. తర్వాత నెలల పాటు వ్యాయామం. ఫిజియోథెరపీకి ప్రతి వారం కొండ దిగి వెళ్లలేడు కాబట్టి, నేర్చుకున్న వ్యాయామాలను ఇంటి అరుగు మీదే చేసేవాడు. ఇసుక నింపిన సంచి కాలికి కట్టుకొని లేపేవాడు. ఆ ఏడాది కాఫీ కోతలకు వెళ్లలేదు. వాళ్లమ్మ, చెల్లెలు అతని వాటా కూడా కోశారు. ఆ కష్టం ఏ వేలంలోనూ లెక్కకు రాదు.

ఈ సంక్రాంతికి ఇంకో ఊరి వాళ్లు వచ్చి అడిగారట. ఈసారి మూడు వేలు ఇస్తామన్నారట. మామూలుగా నడుస్తున్నాడు, కొండ ఎక్కి దిగుతున్నాడు. కానీ గెంతే పరీక్షలో ఆ కాలు ఇంకా కొంచెం వెనకబడే ఉంది. 'డాక్టర్ బాబు ఇంకా ఒప్పుకోలేదు, వచ్చే ఏడాది చూద్దాం' అని చెప్పి పంపించాడట. కాదనడానికి నన్ను అడ్డం పెట్టుకున్నందుకు సంతోషించాను. మొదటిసారి నేను ఇవ్వని రెండు నిమిషాలకు బదులుగా ఆపాటి సాయమైనా చేయగలిగాను.

మీరు రేపు బరి పక్కన నిలబడతారు, లేదా టీవీ ముందు కూర్చుంటారు. ఎదుటి జట్టులో మోకాలికి కట్టు కట్టుకున్న ఒకడు కూతకు వస్తాడు. మీ జట్టు గెలవాలని గట్టిగా అరవండి. వాణ్ని పట్టేయమనీ అరవండి. 'కట్టున్న కాలే పట్టండి' అని మాత్రం అనకండి. మీ పక్కనున్న వాడు అంటే, భుజం మీద చెయ్యి వేసి ఆపండి. ఆ కట్టు విప్పేయాలన్న ఆలోచన వాడికి రాకుండా ఉంటే చాలు. తర్వాత వాడు మా దగ్గరికి వస్తాడు. మిగతాది మేం చూసుకుంటాం.

వ్యాసకర్త: ఎంబీబీఎస్, ఎండీ, ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు